రాజులమ్మ గడియ చిప్ప

ఉద్దానంలో కొబ్బరి చిప్ప ఎందుకు పనికొస్తుందని ఎవరినడిగినా ఒక పది చెబుతారు. గరిటె చేసుకోవచ్చు, ఉప్పు పోసుకోవచ్చు, కాల్చి బొగ్గు చేసుకోవచ్చు, ఏమీ తోచకపోతే పిల్లల ముందు పడేయవచ్చు. దాంతో కాలం కొలుచుకోవచ్చని మాత్రం వజ్రపుకొత్తూరు పక్కనున్న ఆ ఇసుక దిబ్బల మీద ఒక్క రాజులమ్మకే తట్టింది. తట్టిన రోజున ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

పూండి మీదుగా రైలు నడవడం మొదలై పదిహేనేళ్లు కావస్తున్న రోజులవి. రాజులమ్మ పెనిమిటి దాలయ్య మంచి కష్టపడే మనిషే కానీ సొంతానికి సెంటు భూమి లేదు. అలాంటి వాళ్ల కోసమే అన్నట్టు జమీందారు కచేరీ వారు ఒక మాట చాటించారు. సముద్రం వైపు ఊరికే పడి ఉన్న దిబ్బ మీద నూట ఇరవై కొబ్బరి మొక్కలు నాటాలి. మూడు వేసవులు దాటేసరికి అందులో వంద నిలబడి ఉంటే ఆ దిబ్బకు పట్టా రాసిస్తారు. వందకు ఒక్కటి తగ్గినా దిబ్బ వేరే వాళ్లకు పోతుంది.

దాలయ్య పన్నెండు వరసలు గీసి, వరసకు పదేసి చొప్పున మొక్కలు నాటాడు. దిబ్బ మీదే తాటాకు గుడిసె వేశాడు. గుడిసె పక్కన ఇసుకలో దిగుడు చెలమ తవ్వాడు. ఇక మూడేళ్ల పాటు తిండి ఎలాగన్నది తేలక, అందరిలాగే ఓడెక్కి రంగూను బియ్యం మిల్లులకు వెళ్లాడు. వెళ్లేముందు పెళ్లానికి ఒకటే మాట చెప్పాడు.

"పట్టా సేతికొచ్చిన్నాడు కబురెట్టు. ఆ మర్నాడే ఓడెక్కేత్తాను. మరింక ఆ దేశం మొగం సూడను."

అందుకని రాజులమ్మకు ఆ మొక్కలంటే ఒట్టి మొక్కలు కావు. ఒక్కొక్కటి దాలయ్య ఇంటి వైపు వేస్తున్న ఒక్కో అడుగు.

ఇక ఆమె సంగతి చెప్పాలి. ఆ మనిషికి కూర్చోవడం రాదు. తెల్లారితే నెత్తిన ఒక కడవ, చంకన ఒక కడవ. చెలమలోకి దిగడం, ముంచడం, ఎక్కడం, పొయ్యడం. ఒక్కో మొక్కకు రెండు కడవలు. ఒకరోజు సగం మొక్కలకు, మర్నాడు మిగతా సగానికి. అయినా రోజుకు యాభై నడకలకు పైనే. మధ్యలో ఆగితే ఎవరో తిడతారన్నట్టు, ఆ ఎవరో తన బుర్రలోనే కూర్చుని ఉన్నట్టు పని చేసేది.

ఇంట్లో ఉన్నది అత్తగారు పెద్దతల్లి ఒక్కత్తే. ఆవిడకు చూపు దాదాపు పోయింది. వెలుగు తెలుస్తుంది, మనిషి తెలియదు.

"ఒలే గుంటా, కాసేపు కూకోయే. నీ ఒంట్లో పేణముంటేనే గదా ఆటికి నీలు," అనేది ఆవిడ.

"నాను కూకుంటే కడవలు ఎవులు మోత్తారత్తా?" అని ఆగకుండానే జవాబిచ్చేది రాజులమ్మ.

మనిషి ఆగకపోయినా చెలమ ఆగేది. ఇసుకలో నీరు ఊరాలంటే దానికి కొంత వ్యవధి కావాలి. ఎడతెరిపి లేకుండా తోడితే అడుగున బురద తేలేది. ఆ బురదనే తోడి పోసి, చివరికి కళ్లు బైర్లు కమ్మి చెలమ గట్టునే పడిపోయేది. పడిపోతే రెండు రోజులు లేవలేకపోయేది. ఆ రెండు రోజులూ మొక్కలకు నీళ్లుండవు. మొదటి వేసవిలో అలా తొమ్మిది మొక్కలు పోయాయి. రెండో వేసవిలో ఐదు. ఇంక ఉన్నవి నూట ఆరు.

మొదటి వేసవిలో పోయిన వాటిల్లో ఒకదాన్ని పీకి, విసురుగా గుడిసె వెనక దడి పక్కకు విసిరేసింది. ఆ దడి చాటునే పెద్దతల్లి మొహం, కాళ్లు కడుక్కునేది. ఆవిడ కాలికి ఆ మొక్క తగిలింది. చేత్తో తడిమి, నిలబెట్టి, చుట్టూ ఇసుక ఎగదోసింది.

"సచ్చిన మొక్కని ఏటి సేసుకుంటావత్తా?" అని నవ్వింది రాజులమ్మ.

"ఉండనియ్యె. నా మొగం కడిగిన నీలు ఎక్కడో ఒకకాడ పొయ్యాల గదా."

అత్తగారి ముచ్చట అనుకుని రాజులమ్మ ఆ మాటే మరిచిపోయింది.

మూడో వేసవికి ముందు పూండిలో ఆమె చిన్నాన్న కూతురి పెళ్లి జరిగింది. తెల్లవారుజామున ముహూర్తం. రామూర్తి పంతులుగారు పళ్లెం నిండా నీళ్లు పోసి, అందులో అడుగున సన్న చిల్లున్న రాగి గిన్నె ఒకటి తేల్చారు. చిల్లులోంచి నీరు ఊటలా లోపలికి ఎక్కుతోంది. గిన్నె నిండి మునిగితే ఒక గడియ. అదే ముహూర్తం. పందిట్లో ఉన్న నూరుమందీ ఆ గిన్నె వైపే చూస్తూ కూర్చున్నారు.

రాజులమ్మ చూసింది గిన్నెను కాదు, ఆ జనాన్ని. క్షణం తీరిక లేని పెళ్లికూతురి తల్లి కూర్చుంది. గాడిపొయ్యి దగ్గర వంటవాడు కూర్చున్నాడు. ఇంత పని పెట్టుకుని కూర్చున్నారేమని ఎవరూ ఎవరినీ అనడం లేదు. గిన్నె మునగలేదు కాబట్టి కూర్చున్నారు. బుడుంగుమని అది మునిగిందో లేదో, నూరుమందీ ఒక్కసారి లేచారు. మేళం మోగింది. అందరూ అక్షింతలు వేస్తుంటే రాజులమ్మ చేతిలోని అక్షింతలు చేతిలోనే ఉండిపోయాయి.

మనిషి చెబితే తను కూర్చోదు. అత్త చెబితే కూర్చోలేదు, ఒళ్లు చెబితే కూర్చోలేదు. అదే గిన్నె చెబితే?

తాళి కట్టడం కాగానే పంతులుగారి దగ్గరకు పరిగెత్తింది. "బావూ, ఆ గిన్ని రాగిదే అవ్వాలేటి?"

"రాగిదే ఎందుకమ్మా? చిల్లు సమంగా ఉంటే చాలు. మా తాతగారు కొబ్బరి చిప్పే వాడేవారు."

ఇంకేం కావాలి! పెళ్లివారింట్లో కొబ్బరి చిప్పలకు కరువా? నున్నటి చిప్ప ఒకటి ఏరుకుంది. సూది కాల్చి చిప్ప కంటిలో చిల్లు పొడిచింది. పంతులుగారి గిన్నె పక్కనే, అదే పళ్లెంలో తేల్చింది. గిన్నె మునిగినా చిప్ప మునగలేదు. మళ్లీ సూది కాల్చి కొంచెం వెడల్పు చేసింది. భోజనాలకు పిలుస్తున్నా లేవలేదు. ఐదో సారికి గిన్నె, చిప్ప రెండూ ఒక్కసారే బుడుంగుమన్నాయి. రాజులమ్మ చప్పట్లు కొట్టింది. పెళ్లికూతురి మేనత్తలు ఈ పిల్లకేమైందని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మర్నాటి నుంచి దిబ్బ మీద కొత్త పద్ధతి. గుడిసె నీడలో నీళ్ల తొట్టి పెట్టి, దాని పక్కన పెద్దతల్లిని కూర్చోబెట్టింది. చిప్ప మునిగేది చూడడానికి కళ్లు అక్కర్లేదు, చెవులు చాలు. ఒక మునక పని, ఒక మునక విశ్రాంతి. మునక అయినప్పుడల్లా ముసలమ్మ చిప్పను తీసి, నీళ్లు ఒంచి, మళ్లీ తేల్చి, దిబ్బంతా వినబడేలా అరిచేది.

"ఒలే! మునిగింది, కూకో!"

కడవ ఎక్కడుంటే అక్కడే దించి రాజులమ్మ కూర్చునేది. మొదటి రోజు కూర్చోవడమంటే ముళ్ల మీద ఉన్నట్టే ఉంది. కాళ్లు లేవమని పోరుపెట్టాయి. ముంతెడు చోడంబలి తాగింది. కాళ్లు బారచాపింది. అత్తగారు అరికాళ్లకు కొబ్బరినూనె రాసింది. మళ్లీ బుడుంగుమంది. "ఒలే! మునిగింది, లెగు!"

లేచి చెలమ దగ్గరికి వెళ్లి లోపలికి చూసి నిలబడిపోయింది. మోకాలి లోతు నీళ్లు! అడుగున ఇసుక కనిపించేంత తేటగా ఉన్నాయి. రెండేళ్లుగా తను బురద తోడిన చెలమేనా ఇది?

"అత్తా! సెలమ నిండిపోనాది! నాను కూకుంటే అదీ కూకున్నాది, అదీ నిండిపోనాది!" అని కేకలు పెట్టింది.

మునకకు ఎనిమిది నడకలు తేలిగ్గా పడ్డాయి. పదమూడో మునకకు పనంతా అయిపోయింది, ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు. ఆ రోజు రాజులమ్మ పడిపోలేదు. మర్నాడూ పడిపోలేదు. ఒక నెల తిరిగేసరికి బుగ్గలు తేలాయి, మొక్కలు కొత్త మట్టలు తొడిగాయి. పని చేస్తూ పాటలు కూడా పాడడం మొదలుపెట్టింది, గొంతు బాగాలేకపోయినా.

ఇంకో చిత్రం కూడా కనిపెట్టింది. సరిగ్గా ఎనిమిదో మునక దగ్గర పూండి వైపు నుంచి పొద్దుటి రైలు కూత వినబడేది. రోజూ అదే. చిప్ప మునగడం, రైలు కుయ్యడం. తెల్లదొరల రైలు తన కొబ్బరి చిప్ప మాట వింటోందని దారినపోయే ప్రతివాళ్లకూ చెప్పేది. పక్క దిబ్బ కూర్మారావు, వరసకు బావ, ఈ మాట విని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత తను కూడా కొబ్బరి దింపేటప్పుడు ముసలమ్మ కేక కోసం చెవి ఒగ్గడం మొదలుపెట్టాడు. కేక వినబడితే చెట్టు దిగి చుట్ట ముట్టించేవాడు.

అంతా ఇంత చక్కగా సాగుతుంటే వైశాఖమాసం చివర్లో రైలుకు బుద్ధి తప్పింది.

ఒకరోజు ఎనిమిదో మునక అయినా కూత లేదు. తొమ్మిదో మునకకు కూసింది. రెండు రోజులకు పదో మునకకు. ఆ తర్వాత పదకొండు. చివరికి పన్నెండు.

"రైలు సెడిపోయినాదత్తా. దినం దినం ఆలీసంగా వత్తంది," అంది రాజులమ్మ.

"ముసిలిదయిపోనాదేమో, నాలాగ," అంది పెద్దతల్లి.

రైలు ఎలా పోతేనేం గానీ రాజులమ్మకు అంతకంటే పెద్ద దిగులు ఒకటి పట్టుకుంది. మునకకు ఎనిమిది నడకలు పడడం లేదు. ఏడే పడుతున్నాయి. తర్వాత ఆరు. తర్వాత ఐదు. తన కాళ్లు మొద్దుబారుతున్నాయా? ఒళ్లు లోపల్లోపల కుళ్లిపోతోందా? ఈ మాట పైకి అనడానికి కూడా భయమేసింది. వెనకబడకూడదని పరిగెత్తడం మొదలుపెట్టింది. రెండు కడవలతో, కాలు దిగబడే ఇసుకలో పరుగు! ఎలాగో ఎనిమిది నడకలు పూర్తి చేసి, ఊపిరాడక కూలబడితే, అంబలి ముంత నోటి దాకా పోకముందే బుడుంగుమనేది. "ఒలే! లెగు!"

చెలమ మళ్లీ బురద తేలింది. ఐదో రోజున ఆమె కడవ ముంచుతుండగా గట్టు ఒక పక్క ముందు సన్నగా రాలింది. ఆ వెంటనే మొత్తంగా జారి పడింది. రాజులమ్మ నడుం దాకా ఇసుకలో ఇరుక్కుంది. పెద్దతల్లి అరుపులు విని కూర్మారావు పరిగెత్తుకొచ్చి చెయ్యి అందించాడు.

చెలమ పూడిక తీయడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ కూర్మారావు చెలమ నుంచి మోసింది, కానీ అది దూరం, అన్నిటికీ అందలేదు. ఏడు మొక్కల మొవ్వులు వాడిపోయి, పట్టుకుంటే చేతికొచ్చేశాయి. రాజులమ్మ వరసల వెంట నడుస్తూ లెక్కపెట్టింది. నూట ఆరులో ఏడు పోతే తొంభై తొమ్మిది. తప్పు లెక్కపెట్టానేమోనని ఆ చివర నుంచి ఈ చివరకు మళ్లీ లెక్కపెట్టింది. తొంభై తొమ్మిదే.

కూర్మారావు పార కడుగుతూ అడిగాడు. "అదికాదే రాజులమ్మా, ఎందుకలగ పరిగెడతన్నావు? నెల్లాళ్లు నిమ్మళంగా సేసుకున్నావు గదా."

"మునకకి ఎనిమిది నడకలు పడాల బావా. నా కాళ్లే నెమ్మదించినాయి. రైలు కూడా నాలాగే అయిపోనాది, పన్నెండో మునక్కి గానీ రాలేదు."

"రైలా? నిన్న కాయలెత్తడానికి పూండి ఎల్లినాను. బండి టయానికే వచ్చినాది. టేసను బాబు గడియారం సూసి మరీ సెప్పినాడు."

"ఆ బాబు గడియారమే సెడిపోయుంటాది!"

"మరి పొద్దో? అదీ సెడిపోయినాదేటి? పన్నెండు మునకలయినా నీ గుడిసి నీడ ఇంకా మునపటి ఎనిమిదో మునక కాడే ఉంటంది."

రాజులమ్మ గుడిసె నీడ వైపు చూసింది. బావ మాట నిజమే. కానీ ఓడిపోయానని ఒప్పుకునే మనిషి కాదు గదా. చిప్పను గంపలో పెట్టుకుని, ఎవరి కాలం తప్పో తేల్చుకుంటానని అప్పటికప్పుడు పూండి దారి పట్టింది.

స్టేషను గుమస్తా పాపారావు సన్నగా, వంగిపోయిన నడుముతో ఉండే మనిషి. బల్ల దగ్గర కూర్చుంటే లేవడాయన. రాజులమ్మ వచ్చి నిలబడి, "బావూ, మీ రైలు పొద్దు తప్పి వత్తంది," అనేసరికి కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"నీకెవరు చెప్పారమ్మా?"

"నా సిప్ప సెప్పినాది."

పాపారావు పదేళ్ల ఉద్యోగంలో ఎందరో ఫిర్యాదులు చేశారు గానీ చిప్ప చేసిన ఫిర్యాదు ఇదే మొదటిది. ఆయనకు హుషారు పుట్టింది. మంటలార్పడానికి వేలాడదీసిన ఎర్ర బకెట్టు దింపించి, నీళ్లు నింపించాడు. జేబులోంచి వాచీ తీసి బల్ల మీద పెట్టాడు. "గడియకు ఇరవై నాలుగు నిమిషాలు. పెద్దముల్లు ఇక్కడి నుంచి ఇదిగో, ఇక్కడికి రావాలి. వెయ్యి నీ చిప్పను!"

ఇద్దరూ బకెట్టు మీదికి వంగారు. పెద్దముల్లు ఇంకా సగం దారి దాటి కాస్త ముందుకు వచ్చిందో లేదో, చిప్ప బుడుంగుమంది.

"పదహారే! మూడో వంతు ముందే మునిగిపోయింది. నీ చిప్ప చెడిపోయిందమ్మా, నా రైలు కాదు," అన్నాడు పాపారావు గెలిచిన సంబరంతో.

రాజులమ్మ చిప్పను పైకి తీసి వెలుగుకు పెట్టి చూసింది. లోపల తళతళ మెరుస్తోంది. పొడిచినప్పుడు గరుకుగా, సూదిమొన అంత ఉన్న చిల్లు ఇప్పుడు అంచులు అరిగి గుండ్రంగా తిరిగి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే బూడిద వాసన వేసింది. వెంటనే అర్థమైంది. రోజూ సాయంత్రం పెద్దతల్లి కొబ్బరిపీచు, బూడిద, ఇసుక వేసుకుని ఇంటి గిన్నెలన్నీ తోముతుంది. చేతనైన పని అదొక్కటే కాబట్టి మక్కువగా తోముతుంది. చిప్ప తన చేతికి అప్పగించినది కనుక దాన్ని అన్నిటికంటే ఎక్కువగా తోమి ఉంటుంది. చిల్లులో నాచు పట్టిందని చీపురుపుల్ల పెట్టి మరీ తిప్పి ఉంటుంది. తోమిన కొద్దీ చిల్లు పెద్దదైంది, గడియ చిన్నదైంది.

పాపారావు ఆమె ఏడుస్తుందనుకున్నాడు. రాజులమ్మ గట్టిగా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నా కాళ్లు తగ్గిపోనేదు బావూ! నాను తగ్గిపోనేదు! పదారు నిమసాల్లో ఎనిమిది నడకలు నడిసినాను, ఇసకలో, రెండు కడవలతోటి! నన్నెవులు అందుకుంటారు సెప్పు!"

ఇన్నాళ్లుగా గుండె మీద కూర్చున్న బండ ఒక్కసారిగా దొర్లిపోయింది. అక్కడే కొత్త చిప్ప చేస్తానంది. బండికెక్కించే కాయల దగ్గర చిప్పలకేం కొదవ? పాపారావు తన కోటుకున్న గుండుసూది పీకి ఇచ్చాడు. దీపం మీద కాల్చడం, పొడవడం, బకెట్టులో వేయడం, వాచీ చూడడం. మొదటి చిప్ప ముప్పైకి మునిగింది. రెండోది పగిలింది. మూడోదానికి ఆయన తన బల్ల సంగతే మరిచిపోయి బకెట్టు పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఇరవై రెండు... ఇరవై మూడు... ఉండు, ఉండు..." బుడుంగ్! ఇరవై నాలుగు! ఇద్దరూ ఒకేసారి కేకేశారు. ప్లాట్‌ఫారం మీద నిద్రపోతున్న కుక్క లేచి మొరిగింది.

ముప్పైకి మునిగిన చిప్ప చిల్లును కొంచెం వెడల్పు చేసి సరిపెట్టి ఆయనకే ఇచ్చింది రాజులమ్మ. "ఇది మీ కాడ ఉంచండి బావూ. సిప్ప మునిగితే నాను కూకుంటాను. సిప్ప మునిగితే మీరు లెగండి. నడుం సాపుగుంటాది."

ఇంటికొచ్చే దారంతా ఆమెకు ఒకటే ఆలోచన. అత్తకు ఏం చెప్పాలి? ఉన్న మాట చెబితే ముసలి ప్రాణం తట్టుకోలేదు. కొడుకు తిరిగి రావడానికి తన చేతులే అడ్డం పడ్డాయని తెలిస్తే బతుకుతుందా?

"ఏటన్నాడే టేసను బాబు?" అని గుమ్మంలోనే అడిగింది పెద్దతల్లి.

"రైలే ఆలీసమటత్తా. యాడో వంతెన బాగుసేత్తన్నారట. మన పాత సిప్ప దారిలో పడి పగిలిపోనాది, కొత్తది సేసుకొచ్చినాను. దీన్ని తోమక్కర్నేదట. నీటిలోనే ఉంచీమన్నారు."

కోడలు దించిన గంపను పెద్దతల్లి చేత్తో తడిమి పక్కకు జరిపింది. ఆ రోజు నుంచి ఆవిడ చిప్పను తోమలేదు. అన్నం కూడా సగమే తింది. ఎండలకు అనుకుంది రాజులమ్మ.

ఏరువాక పున్నమికి మూడు రోజుల ముందు మొక్కలు లెక్కపెట్టడానికి కచేరీ నుంచి అమీను మన్మథరావు వస్తున్నాడని కబురు తెలిసింది. కూర్మారావు గబగబా వచ్చి గొంతు తగ్గించాడు.

"నా తోటలో మూడేళ్ల మొక్కొకటుంది. ఏరు తెగకుండా తవ్వి తెచ్చి ఖాళీలో పాతేద్దుమా? ఎవులికి తెలుత్తాది?"

రాజులమ్మ మొక్క పోయిన ఖాళీ వైపు చూసింది. దాలయ్య కళ్ల ముందు మెదిలాడు. అవునందామని నాలుక చివరి దాకా వచ్చింది.

"వద్దు బావా. దొంగ గడియతోటి ఐదు దినాలు బతికినాను. సెలమ కూలింది. మరి దొంగ లెక్క నాకొద్దు."

అమీను వచ్చాడు. సున్నం డబ్బా పట్టుకుని వరస వెంట వరస నడిచాడు. లెక్కపెట్టిన ప్రతి మొక్కకూ ఒక తెల్ల బొట్టు పెట్టాడు. రాజులమ్మ పెదవులు కదుపుతూ వెనకే నడిచింది. ఆశ అంటే అంతే మరి. అన్నిసార్లు లెక్కపెట్టుకున్న మనిషి కూడా, పరాయివాడి నోట్లో ఒక్కటి పెరుగుతుందేమోనని చూస్తుంది. పన్నెండో వరస అయింది. అమీను వేలు తుడుచుకున్నాడు.

"తొంభై తొమ్మిది. ఒక్కటి తక్కువైందమ్మా. మంచి తోట పెంచావు. నాకూ బాధగానే ఉంది. కానీ కచేరీ మాట కచేరీ మాటే."

రాజులమ్మ కాళ్ల కింద ఇసుక మళ్లీ జారినట్టయింది. కూర్మారావు తల దించుకున్నాడు. తొట్టి పక్కన కూర్చున్న పెద్దతల్లి మెల్లగా లేచింది.

"బావూ, నా మొక్కకి బొట్టెట్టనేదు."

"నీ మొక్కేమిటమ్మా?"

ముసలమ్మ దడి తడుముకుంటూ గుడిసె వెనక్కి నడిచింది. అమీను డబ్బా పట్టుకుని ఆమె వెంట వెళ్లాడు. రాజులమ్మ వెళ్లి చూసింది. ఎన్నిసార్లు ఆ దడి పక్క నుంచి నడవలేదు! ఎన్నిసార్లు ఆ మట్టలు భుజానికి తగల్లేదు! వరసల్లో లేదు గనుక ఆమె దాన్ని ఎప్పుడూ లెక్కలోకే తీసుకోలేదు. పొద్దున వేపపుల్ల వేసి మొహం కడిగిన నీళ్లు, మధ్యాహ్నం చేతులు కడిగిన నీళ్లు, సాయంత్రం కాళ్లు కడిగిన నీళ్లు. మొదటి వేసవి నుంచి ఒక్క పూట తప్పలేదు. రాజులమ్మ పడిపోయిన రోజుల్లో కూడా తప్పలేదు. చెలమ కూలిన ఆరు రోజులూ తప్పలేదు. తోటలో ఏ మొక్కకూ లేని నిగనిగతో, ఏడు మట్టలతో నిలబడి ఉంది.

"ఇది దిబ్బ హద్దులోదేనా?" అన్నాడు అమీను.

"హద్దురాయి అదిగో, ఆ తుప్పల అవతల," అని కూర్మారావు అరిచినంత పని చేశాడు.

"మొదట నాటిన నూట ఇరవైలోదేనా?"

రాజులమ్మ ముందుకొచ్చింది. "అవును బావూ. నాటింది నా పెనిమిటి. సచ్చిపోనాదని పీకి పారేసింది నాను. బతికించింది మా అత్త."

మన్మథరావు డబ్బాలో వేలు ముంచాడు. బొట్టు పెట్టాడు. "వంద," అన్నాడు.

రాజులమ్మ ముసలమ్మను అమాంతం కౌగిలించుకుని ఇసుకలో గిరగిరా తిప్పింది. "వందత్తా! వంద! నీ కొడుకొచ్చేత్తాడు!"

"దించే, పడిపోతాను," అంటూనే పెద్దతల్లి ఏడ్చేసింది. "పగిలిపోనాదన్న సిప్ప గంపలోనే నా సేతికి తగిలింది గదే. సిల్లులోకి నా వేలి కొస దూరిపోనాది. అప్పుడే తెలిసినాది. నా బిడ్డ తోటని నా సేతులతోటే తోమీసినానని దినమూ ఏడుసుకున్నాను. నువ్వు ఒక్క మాటనేదు."

"ఏటంటానత్తా నిన్ను? నువ్వు కూకోమనకపోతే నానీపాటికి ఉందునా?"

అంతలో తొట్టిలో బుడుంగుమంది. అలవాటు కొద్దీ పెద్దతల్లి కళ్లు తుడుచుకుని, "ఒలే, మునిగింది, కూకో," అంది.

"ఈ ఒక్క మునక్కీ కూకోనత్తా! పూండి ఎల్లి రంగూనుకి ఉత్తరం రాయించాల!" అని రాజులమ్మ కొంగు బిగించి దిబ్బ దిగి పరుగు అందుకుంది.

పెద్దతల్లి చిప్పను తీసి, నీళ్లు ఒంచి, మళ్లీ తేల్చింది. ఆవిడ లెక్కలో పూండి పోవడానికి మూడు మునకలు, పాపారావు ఉత్తరం రాయడానికి ఒకటి, తిరిగి రావడానికి మూడు. ఏడో మునకకు గానీ కోడలు రాకూడదు. ఐదో మునక కాగానే దిబ్బ కింద రాజులమ్మ గొంతు బాగాలేని పాట వినబడింది. తోమక చిల్లు పూడిపోయి మునకలు ఆలస్యమవుతున్నాయేమోనని ముసలమ్మకు అనుమానమేసింది. గబుక్కున చిప్పను పైకి తీసి, చిల్లు మీద వేలి కొస పెట్టి తడిమి చూసుకుంది. చిల్లు ఎప్పటిలాగే ఉంది, పరిగెత్తింది కోడలే.